శంషాబాద్‌లో అర్ధరాత్రి దిగి నగరంలోకి చేరడం ఎలా: ముందు రోజు సన్నాహం నుంచి ఇంటి గేటు దాకా

శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలో రాత్రి పదకొండు దాటాక దిగేవారు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఆ వేళకు బస్సు ఉంటుందా, క్యాబ్ బుక్ చేస్తే నిజంగా వస్తుందా, బయట పిలిచే కార్లు ఎక్కవచ్చా, అమ్మనో చెల్లెలినో ఒంటరిగా రమ్మనవచ్చా అని అడుగుతూనే ఉన్నారు. విడివిడిగా జవాబు చెప్పే బదులు, ఏ పని ఏ వరుసలో చేయాలో ఒకేచోట రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఒక మాట. ఎలా వెళ్లాలన్న నిర్ణయం అరైవల్స్ హాలు లోపల ఉండగానే జరిగిపోవాలి. గాజు తలుపు దాటి బయటికి వచ్చిన ప్రయాణికుడిని భద్రతా సిబ్బంది మళ్లీ లోపలికి రానివ్వరు. లోపల వెలుతురు, కుర్చీలు, మరుగుదొడ్లు, ఛార్జింగ్ పెట్టుకునే చోటు, తాగునీరు ఉంటాయి. బయట ఒక చేత్తో సామాను బండి తోస్తూ, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని, "క్యాబ్ కావాలా సార్, ఎక్కడికి సార్" అని వెంటపడే మనుషుల మధ్య ఆలోచించవలసి వస్తుంది. నిద్ర కళ్లతో అలాంటి చోట తీసుకున్న నిర్ణయమే చాలామందిని ఇబ్బంది పెడుతుంది.

1. ప్రయాణానికి ముందు రోజు చేసుకోవలసినవి

రాత్రి ప్రయాణంలో సగం ఇబ్బందులు ఫోను వల్ల వస్తాయి. ఛార్జింగ్ అయిపోవడం, నెట్ లేకపోవడం, డబ్బు చెల్లించే యాప్ పనిచేయకపోవడం అనే మూడింటిలో ఏ ఒక్కటి జరిగినా మీ దగ్గర మిగిలేది చేతిలోని నగదు, కాగితం మీద రాసుకున్న చిరునామా మాత్రమే. అందుకే ఆ రెండూ తప్పనిసరి.

విదేశాల నుంచి వచ్చేవారికి ఇది మరీ ముఖ్యం. అక్కడి సిమ్‌కు ఇక్కడ ఓటీపీ రాకపోవచ్చు, ఓటీపీ లేకపోతే విమానాశ్రయం ఉచిత వైఫై కూడా అందకపోవచ్చు. పాత భారతీయ సిమ్ ఉంటే బయలుదేరే ముందే రీఛార్జ్ చేయించి, ఫోనులో వేసుకుని విమానం ఎక్కండి.

ముందు రోజు సరిచూసుకోవలసిన జాబితా:

- పవర్‌బ్యాంక్ నిండుగా ఛార్జ్ చేసి చేతి సంచిలో పెట్టుకున్నారా? చెక్ఇన్ సామానులో దాన్ని అనుమతించరు.
- ఇంటి తాళం చెవి చేతి సంచిలోనే ఉందా? రాత్రి మూడింటికి గేటు ముందు సూట్‌కేసు విప్పే పరిస్థితి రాకూడదు.
- రెండు వేల రూపాయల దాకా నగదు, అందులో కొన్ని వంద రూపాయల నోట్లు, మిగిలిన డబ్బుతో కలవకుండా విడిగా పెట్టుకున్నారా?
- చిరునామా, దగ్గరి గుర్తు, ఇంట్లోవారి ఫోను నంబరు కాగితం మీద రాసుకున్నారా?
- కనీసం రెండు క్యాబ్ యాప్‌లలో లాగిన్ అయి, ఇంటి లొకేషన్ సేవ్ చేసుకున్నారా?
- మీ కాలనీకో అపార్ట్‌మెంట్‌కో రాత్రి తెరిచి ఉంచే గేటు ఏదో తెలుసుకున్నారా?

ఈ చివరి అంశాన్ని చాలామంది పట్టించుకోరు. హైదరాబాద్‌లో ఎన్నో కాలనీలకు రెండు మూడు దారులున్నా, రాత్రి పదకొండు తర్వాత ఒక్క దారే తెరిచి ఉంచుతారు. మ్యాప్ మాత్రం మూసిన గేటు ముందుకే తీసుకువెళ్లి "గమ్యం చేరుకున్నారు" అంటుంది. కాబట్టి ఇంటి లొకేషన్‌కు బదులు, రాత్రి తెరిచి ఉండే గేటు లొకేషన్‌ను సేవ్ చేసుకోండి. గేటెడ్ కమ్యూనిటీ అయితే క్యాబ్ వస్తుందని సెక్యూరిటీకి ముందే చెప్పించండి.

2. మీ ఇల్లు ఏ దారిలో ఉందో తేల్చుకోవడం

మెట్రో రైలు ఇంకా శంషాబాద్‌కు రాలేదు. నగరంలోని మెట్రో కూడా అర్ధరాత్రికి ముందే ఆగిపోతుంది కనుక ఈ లెక్కలో దాన్ని వదిలేయండి. మిగిలేది రోడ్డు ఒక్కటే. విమానాశ్రయం నుంచి నగరంలోకి ప్రధానంగా మూడు దారులున్నాయి, మీది ఏదో ముందే తెలిస్తే డ్రైవర్ దారి మార్చినప్పుడు వెంటనే పోల్చుకోగలరు.

మొదటిది ఆరాంఘర్ దారి. 44వ నంబరు జాతీయ రహదారి మీద గగన్‌పహాడ్ మీదుగా ఆరాంఘర్ చేరి, అక్కడ పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే మెహదీపట్నంలో దిగుతారు. పదకొండు కిలోమీటర్లకు పైగా ఉన్న ఈ వంతెన మీద సిగ్నళ్లు లేవు, టోలు లేదు. మాసాబ్‌ట్యాంక్, లక్డీకాపూల్, పంజాగుట్ట, అమీర్‌పేట, బేగంపేట, సికింద్రాబాద్ వైపు వెళ్లేవారికి ఇదే దారి. పాతబస్తీకి వెళ్లేవారు ఆరాంఘర్ దగ్గర ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కకుండా, 2025 జనవరిలో ప్రారంభమైన జూపార్క్ ఫ్లైఓవర్ మీదుగా బహదూర్‌పురా వైపు వెళ్లాలి.

అత్తాపూర్, ఉప్పర్‌పల్లి ప్రాంతాల వారికి ఒక హెచ్చరిక. మీ ఇల్లు ఎక్స్‌ప్రెస్‌వే కింద, ఏదో ఒక పిల్లర్ నంబరు దగ్గర ఉంటుంది. ఆరాంఘర్ రాకముందే "కింద రోడ్డులో వెళ్లండి" అని డ్రైవర్‌కు చెప్పాలి. పైకి ఎక్కాక ర్యాంపు దగ్గర దిగడం మరిచిపోతే, మెహదీపట్నం దాకా వెళ్లి వెనక్కి రావలసి వస్తుంది.

రెండోది ఔటర్ రింగ్ రోడ్డు. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కొండాపూర్, మాదాపూర్, మియాపూర్ వైపు వెళ్లేవారు శంషాబాద్ దగ్గర ఔటర్ ఎక్కి, రాజేంద్రనగర్, అప్పా కూడలి దాటి, నానక్‌రామ్‌గూడ దగ్గర దిగుతారు. దీనికి టోలు ఉంది. క్యాబ్ యాప్‌లు సాధారణంగా దాన్ని బిల్లులోనే కలుపుతాయి. అందువల్ల డ్రైవర్ టోలు డబ్బు చేతికి అడిగితే, ఇచ్చే ముందు బిల్లులో ఉందేమో చూడండి.

మూడోది తూర్పు దారి. ఎల్బీ నగర్, ఉప్పల్, వనస్థలిపురం వైపు వెళ్లేవారికి రెండు మార్గాలున్నాయి: పహాడీషరీఫ్ మీదుగానో ఆరాంఘర్ మీదుగానో చాంద్రాయణగుట్ట చేరి సాగర్ రింగ్ రోడ్డు వైపు వెళ్లడం ఒకటి, ఔటర్ మీద తుక్కుగూడ, బొంగులూరు దాటి పెద్దఅంబర్‌పేట దగ్గర దిగి వెనక్కి రావడం ఇంకొకటి. పగలైతే మొదటిది దగ్గర. రాత్రి మాత్రం, హయత్‌నగర్, పెద్దఅంబర్‌పేట పరిసరాలలో ఇల్లు ఉన్నవారికి, దూరం పెరిగినా ఔటరే హాయిగా ఉంటుందని నా అభిప్రాయం.

కొన్ని రాత్రులలో ఈ లెక్క మారుతుంది. డిసెంబరు 31 రాత్రి నగరంలోని చాలా ఫ్లైఓవర్లను మూసివేస్తారు, ఎక్స్‌ప్రెస్‌వే మీద విమాన ప్రయాణికులను మాత్రమే టికెట్ చూసి పంపుతారు, కనుక బోర్డింగ్ పాస్ పారేయకండి. గణేశ్ నిమజ్జనం రోజున బాలాపూర్ నుంచి చాంద్రాయణగుట్ట, చార్మినార్ మీదుగా హుస్సేన్‌సాగర్ దాకా ఊరేగింపు సాగుతుంది, ఆ వైపు వెళ్లకుండా ఔటర్ ఎంచుకోండి. కుండపోత వాన పడుతున్న రాత్రి గగన్‌పహాడ్ దారి గురించి ఒకసారి విచారించుకోవాలి. 2020 అక్టోబరు వానలకు అక్కడి అప్పా చెరువు తెగి, నీరు జాతీయ రహదారి మీదికి వచ్చి ప్రాణాలు తీసింది.

3. దిగిన తర్వాత, గాజు తలుపు దాటకముందు

విమానం చక్రాలు నేలను తాకగానే క్యాబ్ బుక్ చేయడం చాలామంది చేసే తొలి పొరపాటు. చేతి సంచి మాత్రమే ఉన్న దేశీయ ప్రయాణికుడు బయటికి రావడానికి ఇరవై నిమిషాలు పట్టవచ్చు. సామాను బెల్టు మీద రావలసి ఉంటే ముప్పావు గంట దాకా, విదేశాల నుంచి వచ్చి ఇమిగ్రేషన్, కస్టమ్స్ దాటవలసి ఉంటే గంటన్నర దాకా అనుకోండి. ముందే బుక్ చేస్తే డ్రైవర్ విసిగిపోయి రద్దు చేస్తాడు, లేదా వేచి ఉన్న సమయానికి అదనపు డబ్బు పడుతుంది.

ఈ వరుసను పాటించండి:

1. ఫోను ఆన్ చేసి, ఇంటికి "దిగాను" అని ఒక సందేశం పంపండి. ఆ వేళకు మెలకువతో ఉండే మనిషి ఒకరు అవతల ఉండాలి.
2. బెల్టు దగ్గరికి వెళ్లేలోపు మరుగుదొడ్డికి వెళ్లి రండి, సీసాలో నీళ్లు నింపుకోండి.
3. సామాను కోసం ఎదురుచూస్తూ, క్యాబ్ యాప్‌లలో ధర ఎంత చూపిస్తున్నాయో చూడండి. అప్పుడే బుక్ చేయకండి.
4. ఆర్టీసీ వారి గమ్యం యాప్‌లో, విమానాశ్రయం నుంచి నగరంలోకి నడిచే పుష్పక్ బస్సు ఎప్పుడుందో చూడండి.
5. సామానంతా చేతికి వచ్చాక లెక్కపెట్టుకుని, ట్యాగు నంబర్లు సరిపోల్చుకోండి.
6. ఒక కుర్చీలో కూర్చుని, ఎలా వెళ్లాలో నిర్ణయించుకోండి. అయిదు నిమిషాలు చాలు.
7. నిర్ణయం జరిగాకే తలుపు వైపు నడవండి.

4. దేనిలో వెళ్లాలి

4.1 పుష్పక్ బస్సు

ఒంటరిగా, ఒకటి రెండు సంచులతో వచ్చేవారికి టీజీఎస్‌ఆర్టీసీ నడిపే పుష్పక్ ఏసీ బస్సే నా మొదటి సలహా. అరైవల్స్ నుంచి బయటికి రాగానే బస్సు స్టాపు సూచిక కనబడుతుంది. మెహదీపట్నం మీదుగా సికింద్రాబాద్ వైపు, ఎల్బీ నగర్, ఉప్పల్ వైపు, ఔటర్ మీదుగా గచ్చిబౌలి, మియాపూర్ వైపు వేర్వేరు రూట్లు ఉన్నాయి. టికెట్ బస్సులోనే తీసుకోవచ్చు. ఒక్కరికి అయ్యే ఖర్చు క్యాబ్ ధరలో సగం కూడా ఉండదు. ముగ్గురు కలిసి వెళ్తుంటే మాత్రం ఆ తేడా దాదాపు కరిగిపోతుంది, అప్పుడు కారే మేలు.

అర్ధరాత్రి తర్వాత బస్సుల మధ్య వ్యవధి పెరుగుతుంది. గమ్యం యాప్‌లో తర్వాతి బస్సుకు గంట చూపిస్తే, ఆ గంటను స్టాపులో నిలబడి గడపకండి, లోపలే కూర్చుని పది నిమిషాల ముందు బయటికి రండి. ఎక్కేముందు "ఇది ఏ వైపు వెళ్తుంది, నేను దిగే చోట ఆపుతారా" అని డ్రైవర్‌ను అడిగి తెలుసుకోండి.

బస్సు దిగే చోటును జాగ్రత్తగా ఎంచుకోవాలి. మీ ఇంటికి దగ్గరైన స్టాపు రాత్రి రెండింటికి నిర్మానుష్యంగా ఉండవచ్చు. మెహదీపట్నం, లక్డీకాపూల్, సికింద్రాబాద్ లాంటి చోట్ల ఆ వేళలోనూ ఆటోలు, టీ బండ్లు, మనుషులు ఉంటారు. రెండు కిలోమీటర్లు ఎక్కువైనా అలాంటి చోటే దిగి, అక్కడి నుంచి ఆటోలోనో క్యాబ్‌లోనో వెళ్లండి. ఔటర్ పక్కన ఉన్న ఒంటరి స్టాపులో, ఎవరూ తీసుకువెళ్లడానికి రాకపోతే, దిగవద్దు.

4.2 ప్రీపెయిడ్ ట్యాక్సీ

పెద్దవారు ఒంటరిగా వస్తున్నప్పుడు, ఫోను సరిగా పనిచేయనప్పుడు, సామాను ఎక్కువ ఉన్నప్పుడు కౌంటర్ దగ్గర డబ్బు కట్టి ఎక్కే ప్రీపెయిడ్ ట్యాక్సీ సరైన ఎంపిక. యాప్ క్యాబ్ కన్నా కొంత ఎక్కువ అవుతుంది. అయితే ధర ముందే తేలిపోతుంది, కారు నంబరు రసీదు మీద ఉంటుంది, డ్రైవర్ రద్దు చేస్తాడన్న బెంగ ఉండదు.

కౌంటర్ దగ్గర రెండు ప్రశ్నలు అడగండి: పార్కింగ్, టోలు ఇందులో కలిసి ఉన్నాయా? సామానుకు విడిగా డబ్బు ఇవ్వాలా? సమాధానం విన్నాక రసీదును ఫోటో తీసి ఇంటికి పంపండి. రసీదు అసలు కాగితాన్ని ఇల్లు చేరేదాకా మీ దగ్గరే ఉంచుకోండి.

4.3 యాప్ క్యాబ్

ఎక్కువమంది ఎంచుకునేది ఇదే కనుక కాస్త వివరంగా చెబుతాను.

బుక్ చేశాక డ్రైవర్ నుంచి వచ్చే ఫోను దాదాపు ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది: "అన్నా, డ్రాప్ ఎక్కడ? క్యాషా, ఆన్‌లైనా?" ఈ రెండు ప్రశ్నల వెనుక అతని కష్టం కూడా ఉంది. విమానాశ్రయంలో గంటల తరబడి వరుసలో వేచి ఉన్నవాడు దగ్గరి దూరం పడితే నష్టపోతాడు, రాత్రిపూట తిరుగు ప్రయాణంలో కారు ఖాళీగా వస్తుంది, డీజిల్ పోయించడానికి చేతిలో నగదు కావాలి. కనుక కోపం తెచ్చుకోకుండా, స్పష్టంగా ఇలా చెప్పండి: "మెహదీపట్నం అన్నా, క్యాషే ఇస్తాను, పికప్ దగ్గరే ఉన్నాను." నగదు సిద్ధంగా ఉన్నవారి బుకింగ్ నిలబడడం నేను చాలాసార్లు చూశాను.

డ్రైవర్ "మీరే క్యాన్సిల్ చేయండి" అంటే చేయకండి. రద్దు రుసుము మీ మీద పడుతుంది. అతన్నే రద్దు చేయమనండి. చేయకుండా కారు కదలకపోతే, డ్రైవర్ రావడం లేదన్న కారణాన్ని ఎంచుకుని రద్దు చేయండి. రెండుసార్లు ఇలా జరిగితే మూడోసారి అదే యాప్‌లో ప్రయత్నించకుండా రెండో యాప్‌కో ప్రీపెయిడ్‌కో మారండి. అరగంట పోరాడి అలసిపోయిన మనిషే బయట పిలిచే కారు ఎక్కుతాడు.

పికప్ స్థలం అరైవల్స్ తలుపు ముందు ఉండదు. యాప్ క్యాబ్‌లకు విడిగా కేటాయించిన చోటికి సూచికలు చూసుకుంటూ నడవాలి. ముందు అక్కడికి చేరి, ఆ తర్వాత బుక్ చేస్తే, లొకేషన్ తప్పు చూపించే సమస్య తప్పుతుంది.

బైక్ ట్యాక్సీ, ఆటో గురించి అడిగేవారు ఉన్నారు. ఎక్స్‌ప్రెస్‌వే మీద ద్విచక్ర వాహనాలకు, ఔటర్ మీద ద్విచక్ర వాహనాలకూ ఆటోలకూ అనుమతి లేదు. రాత్రిపూట సామానుతో ఆ ఆలోచన వద్దు.

4.4 ఇంటివాళ్ల కారు

తీసుకువెళ్లడానికి వచ్చేవారు టికెట్‌లోని సమయం చూసి బయలుదేరకుండా, విమానం ఎక్కడుందో ట్రాక్ చేసి బయలుదేరాలి. అరైవల్స్ ముందు కారు నిలిపి ఉంచనివ్వరు. కారును పార్కింగ్‌లో పెట్టి ఎదురుచూడడం ఉత్తమం, "బావా, బ్యాగులు వచ్చాయి, బయటికి వస్తున్నా" అన్న ఫోను వచ్చాకే కదలాలి.

రాత్రంతా పనిచేసిన మనిషినో, డెబ్బై ఏళ్ల నాన్ననో కారు నడుపుకుంటూ రమ్మనకండి. ప్రేమతో వస్తామంటారు, కాని తెల్లవారుజామున మూడు నుంచి అయిదు మధ్య నిద్ర ఎవరినైనా లొంగదీస్తుంది.

5. కారు ఎక్కే ముందు ఒక్క నిమిషం

మూడేళ్ల క్రితం అమ్మతో కలిసి రాత్రి రెండింటికి దిగాను. బుక్ చేసిన క్యాబ్ రెండుసార్లు రద్దయింది. "రా అమ్మా, యాప్‌లో ఎంత చూపిస్తే అంతే ఇవ్వండి" అని ఒకతను సామాను అందుకుంటే వెంట నడిచాము. అది తెల్ల నంబరు ప్లేటు కారు, అంటే ట్యాక్సీ కాదు, సొంత వాడకం కోసం ఉన్నది. గగన్‌పహాడ్ దగ్గర అతను అడగకుండానే కారు ఆపి, ముందు సీటులో ఇంకొకరిని ఎక్కించుకున్నాడు. "మావోడే, ఆరాంఘర్‌లో దిగిపోతడు" అన్నాడు. చెప్పినట్లే ఆ మనిషి ఆరాంఘర్‌లో దిగిపోయాడు, మాకు ఏ కీడూ జరగలేదు. కాని ఆ పది నిమిషాలూ అమ్మ నా మణికట్టును గట్టిగా పట్టుకునే ఉంది. ఆ కారు ఎక్కినట్లు ఎక్కడా నమోదు కాలేదని నాకు అప్పుడు తట్టింది.

అందుకే నంబరు ప్లేటు చూడడం నేర్చుకోండి:

- పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు: అద్దెకు తిరిగే ట్యాక్సీ.
- ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు: అద్దెకు తిరిగే విద్యుత్ వాహనం.
- తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలు, లేదా ఆకుపచ్చ ప్లేటు మీద తెల్ల అక్షరాలు: సొంత వాహనం. ట్యాక్సీ అని చెబితే ఎక్కకండి.

తెలంగాణలో 2024 మార్చి నుంచి కొత్త వాహనాలకు టీఎస్ బదులు టీజీ వస్తోంది, పాతవాటికి టీఎస్, అంతకన్నా పాతవాటికి ఏపీ అనే ఉంటుంది. అందుచేత మొదటి రెండు అక్షరాలు చూసి కంగారుపడకండి, పూర్తి నంబరు యాప్‌తోనో రసీదుతోనో సరిపోవడమే ముఖ్యం. "ఆ బండి రిపేరు, ఈ బండి పంపారు" అంటే ఎక్కనవసరం లేదు.

ఎక్కేముందు సరిచూసుకోవలసినవి:

- ప్లేటు నంబరు, డ్రైవర్ ముఖం, యాప్‌లో ఉన్నవాటితో సరిపోయాయా?
- మీ పేరు మీరు చెప్పకుండా, "ఎవరి పేరు మీద బుకింగ్?" అని డ్రైవర్‌నే అడిగారా?
- కారులో డ్రైవర్ తప్ప వేరెవరూ లేరు కదా?
- వెనుక తలుపులు లోపలి నుంచి తెరుచుకుంటున్నాయా?
- ఓటీపీని కారులో కూర్చుని, సామాను డిక్కీలో పెట్టాకే చెప్పారా?
- పాస్‌పోర్టు, నగలు, మందులు ఉన్న సంచి డిక్కీలో కాకుండా మీ ఒళ్లోనే ఉందా?

6. దారిలో

కారు కదలగానే యాప్‌లోంచి ప్రయాణాన్ని ఇంటికి షేర్ చేయండి. తర్వాత ఇంటికి ఒక ఫోను చేసి, డ్రైవర్‌కు వినబడేలా, "కారు ఎక్కాను, నంబరు పంపించాను, ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా వస్తున్నాను" అని చెప్పండి. ఒంటరిగా ప్రయాణించే ఆడవారికి ఇది మరింత అవసరం.

తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగం 2024 మార్చిలో టీ-సేఫ్ అనే సేవను ప్రారంభించింది. ప్రయాణం మొదలయ్యే ముందు అందులో నమోదు చేసుకుంటే, గమ్యం చేరేదాకా మీ దారిని గమనిస్తూ ఉంటారు. స్మార్ట్‌ఫోను లేనివారు 100కు ఫోను చేసి కూడా ఈ సేవను ఎంచుకోవచ్చు. ఆపద అనిపిస్తే సంకోచించకుండా 100కు గాని 112కు గాని చేయండి. మహిళల సహాయానికి 181 ఉంది. జాతీయ రహదారి మీద కారు చెడిపోతే 1033కు ఫోను చేయవచ్చు.

డ్రైవర్ దారి మార్చినట్లు అనిపిస్తే ముందు మామూలుగా అడగండి: "ఇటు ఎందుకు వెళ్తున్నాం?" పనులు జరుగుతున్న రోడ్డో, మూసిన వంతెనో కారణం కావచ్చు. జవాబు సరిగా లేకపోతే, వెలుతురు ఉన్న పెట్రోలు బంకు దగ్గర ఆపమనండి. ఆపకపోతే ఫోను చేయవలసింది 100కే.

డ్రైవర్ నిద్రమత్తును కనిపెట్టడం చాలామందికి తెలియదు. తరచూ ఆవలించడం, కిటికీ అద్దం దించి ముఖానికి గాలి తగిలించుకోవడం, లేన్ మారుతూ మళ్లీ సరిచేసుకోవడం, ఖాళీ రోడ్డు మీద వేగం పెరుగుతూ తగ్గుతూ ఉండడం దాని గుర్తులు. గంటకు 120 కిలోమీటర్ల వేగాన్ని అనుమతించే ఔటర్ మీద ఇది ప్రాణాంతకం. మొహమాటపడకుండా "అన్నా, ఎక్కడైనా ఆగి టీ తాగుదాం" అనండి. పది నిమిషాలు ఆగితే పోయేదేమీ లేదు. వెనుక సీటులోనూ బెల్టు పెట్టుకోండి, మీరు మాత్రం నిద్రపోకండి.

7. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి సవరణ

అలసటతో ఏదో ఒకటి ఎక్కేయడం. మీ విమానం తెల్లవారుజామున మూడున్నరకు దిగి, బయటికి వచ్చేసరికి నాలుగయితే, తొందరపడవలసిన పని లేదు. హాలులో కూర్చుని ఒక కాఫీ తాగేలోపు అయిదవుతుంది, బస్సులు పెరుగుతాయి, వీధుల్లో పాలవాళ్లు, పేపరు వాళ్లు తిరుగుతుంటారు. అప్పుడు బయలుదేరడం అన్ని విధాలా మేలు.

ఫోను ఆగిపోవడం. ఛార్జింగ్ పాయింటు వెతుక్కోండి, పది శాతం దాటాక ప్రీపెయిడ్ కౌంటర్‌కు వెళ్లండి. తలుపు దాటిపోయి ఉంటే భద్రతా సిబ్బందిని గాని, ప్రీపెయిడ్ కౌంటర్‌లోని వారిని గాని ఒక్క ఫోను చేసుకుంటానని అడగండి. కాగితం మీద రాసుకున్న నంబరు ఇప్పుడు ఉపయోగపడుతుంది.

యాప్ ధర కన్నా ఎక్కువ అడగడం. కారు ఎక్కకముందు అడిగితే ఒప్పుకోవడమో మానడమో మీ ఇష్టం. మధ్య దారిలో అడిగితే వాదించకండి. "ఇంటి దగ్గర మాట్లాడుకుందాం అన్నా" అని ఊరుకుని, మనుషులున్న చోట దిగాక యాప్‌లో చూపిన మొత్తమే చెల్లించి, అందులోనే ఫిర్యాదు నమోదు చేయండి.

తోటి ప్రయాణికుడితో కారు పంచుకోవడం. విమానంలో పక్క సీటులో పరిచయమైన వ్యక్తి మంచివారే కావచ్చు. అయినా మొదట దిగేది మీరే అయ్యేలా, బుకింగ్ మీ పేరు మీదే ఉండేలా చూసుకోండి.

8. నగరం దాటి సొంత ఊరికి వెళ్లవలసినవారు

గల్ఫ్ నుంచి రాత్రి విమానాలలో దిగి కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు వెళ్లేవారు సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్ స్టేషన్‌కు చేరాలి. విజయవాడ, ఖమ్మం, నల్లగొండ వైపు వెళ్లేవారికి మహాత్మా గాంధీ బస్ స్టేషన్ గాని, దారిలో ఎల్బీ నగర్ గాని అనుకూలం. వరంగల్ వెళ్లేవారు ఉప్పల్‌లో ఎక్కవచ్చు.

మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం బస్సులు ఆరాంఘర్ మీదుగానే వస్తాయి కనుక ఆ ఊళ్లవారు నగరం లోపలికి వెళ్లనవసరం లేదు. ముందుగా రిజర్వేషన్ చేసుకుని, ఎక్కే చోటును ఆరాంఘర్ అని పెట్టుకోండి. శంషాబాద్ హైవే పక్కన చీకట్లో నిలబడి, వచ్చే ప్రతి బస్సుకూ చెయ్యి ఎత్తడం మాత్రం వద్దు.

ఏళ్ల తర్వాత సంపాదనతో ఇంటికి వస్తున్న గల్ఫ్ సోదరులకు ప్రత్యేకంగా ఒక మాట. "మీ జిల్లాకే వెళ్తున్నాం, ఇంకో సీటు ఉంది" అంటూ పలకరించే కార్లు ఎక్కకండి. ఊరి యాస వినబడగానే నమ్మకం కలగడం సహజం, వారు నమ్ముకునేది కూడా దాన్నే. ఏ దేశం నుంచి వస్తున్నారో, ఎన్నేళ్లకు వస్తున్నారో, సామానులో ఏముందో అపరిచితులకు చెప్పకండి. ఊరి నుంచి కారు వస్తే, డ్రైవర్ పేరు, బండి నంబరు ఇంటివారి నోటి నుంచే విని సరిపోల్చుకోండి.

9. ఇంటి గేటు దగ్గర

గేటుకు అయిదు నిమిషాల ముందు ఇంటికి ఫోను చేసి లైటు వేయించండి. ఇంట్లో ఎవరూ లేకపోతే తాళం చెవి చేతిలోకి తీసుకున్నాకే కారు దిగండి. కాలనీ కుక్కలు రాత్రి చక్రాల సూట్‌కేసు చప్పుడుకు మీదికి వస్తాయి, కనుక సూట్‌కేసు ఈడ్చకుండా ఎత్తి పట్టుకుని నడవండి. "తలుపు తీసేదాకా ఒక్క నిమిషం ఉండన్నా" అని అడిగితే డ్రైవర్లు దాదాపు ఎప్పుడూ ఆగుతారు.

డబ్బు ఇచ్చే ముందే సామాను దింపి లెక్కపెట్టండి, సీటు మీదా సీటు కిందా ఫోను వెలుగుతో చూడండి. ఏదైనా మరిచిపోయినట్లు తర్వాత గుర్తొస్తే, తెల్లవారేదాకా ఆగకండి. యాప్‌లోని ప్రయాణ వివరాల నుంచి వెంటనే డ్రైవర్‌కు ఫోను చేయండి. ప్రీపెయిడ్ అయితే రసీదు మీది కారు నంబరుతో కౌంటర్‌ను సంప్రదించండి. ఆ కారు ఇంకో ప్రయాణికుడిని ఎక్కించుకునేలోపు అడిగితేనే వస్తువు దొరికే అవకాశం ఎక్కువ.